జిల్లా పరిషత్ హైస్కూళ్ల హెడ్మాస్టర్లకు ఒక మోటార్ వైండింగ్ మేస్త్రీ లేఖ

గౌరవనీయులైన హెడ్మాస్టర్లకు, హెడ్మిస్ట్రెస్‌లకు నమస్కారం.

నేను బోరు మోటార్లకు వైండింగ్ కట్టే, అంటే లోపల కాలిన రాగి తీగ చుట్లు తీసి కొత్తవి చుట్టే మనిషిని. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో, బస్టాండ్ వెనక నా షాపు ఉంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి, నాలుగేళ్లు హైదరాబాద్‌లో వేరేవాళ్ల దగ్గర పనిచేసి, తర్వాత సొంతంగా షాపు పెట్టుకున్నాను. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి నా షాపులో ఏడు నెలలు ఒక ప్రాజెక్టు చేశారు. ఆ ఏడు నెలల్లో నేను చూసింది మీతో చెప్పి, ఒక్క సంగతి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో ఇష్టపడిన పిల్లలకు ఊళ్లో పని తెలిసిన ఒక మనిషిని జత చేసి, ఏడాదికి ఒక్క ప్రాజెక్టు నిజంగా చేయించండి. నేను అడిగేది ఇంతే.

దీనికి కొత్త పథకం ఏదీ అక్కర్లేదు. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనులకు మార్కులు ఎప్పటినుంచో ఉన్నాయి. అవి ఎలా జరుగుతున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. మా అబ్బాయి బడిలో ఉన్నప్పుడు ఒకసారి రాత్రి ఎనిమిదింటికి వచ్చి "నాన్నా, రేపు ప్రాజెక్టు ఇయ్యాలె" అన్నాడు. ఇద్దరం జిరాక్స్ షాపుకు పోయాం. అక్కడ అన్ని సబ్జెక్టులవీ రెడీగా కట్టలు కట్టి ఉన్నాయి. నీటి కాలుష్యం మీద ఒకటి కొన్నాం. ఇంటికొచ్చి తిరగేస్తే, అందులో ఎక్కడో ఉన్న నదుల పేర్లు ఉన్నాయి, మూసీ పేరు లేదు. మూసీ నీళ్లు మా జిల్లా పొలాల్లోనే పారుతున్నాయి. వాడు పైన పేరు రాసి ఇచ్చాడు, మార్కులు పడ్డాయి. ఆ రోజు నేనూ డబ్బులు ఇచ్చి ఊరుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఈ ఇద్దరు పిల్లలు నా దగ్గరికి అనుకోకుండా వచ్చారు. మా ఊరి హైస్కూల్ ఫిజికల్ సైన్స్ సారు వాళ్ల నాన్న పొలం మోటారు తీసుకొచ్చారు. నేను విప్పుతుంటే పక్కన నిలబడి చూసి, "మేస్త్రీ, మా పిల్లలు కరెంటు పాఠం పదో తరగతిలో చదువుతరు. కాయిల్ బొమ్మ గీస్తరు గానీ కాయిల్ చూసినోళ్లు లేరు. ఇద్దరిని పంపితే కూసోబెట్టుకుంటవా?" అని అడిగారు. సరే అన్నాను. అబ్బాయిలు వస్తారనుకున్నాను. వచ్చిన ఇద్దరిలో ఒకరు అమ్మాయి. వాళ్లమ్మ మొదటి రోజు తనే తోడు వచ్చి, షాపంతా చూసి, ఎదురుగా టీ కొట్టు నడిపే ఆమెతో మాట్లాడి, అప్పుడు వదిలిపెట్టి వెళ్లింది. ఆ తల్లి చేసిన పని చాలా మంచిదని నేను అనుకుంటాను. ఎందుకో తర్వాత చెప్తాను.

మొదటి ఆదివారం "ఏం నేర్చుకుంటరు?" అంటే, "మోటార్ కట్టుడు నేర్చుకుంటం అంకుల్" అన్నారు. నాకూ అదే సరైందనిపించింది. కానీ సారు ఒప్పుకోలేదు. "అది నీ దగ్గర పనికి కుదిరే పిల్లగానికి రెండేండ్ల పని. వీళ్లకు ఆదివారాలే ఉన్నయి. సంక్రాంతికల్లా అయిపోయేది కావాలె. అయిపోయిందని చూపెట్టగలిగేది కావాలె" అన్నారు. అలా మూడు ఆదివారాలు ప్రశ్న వెతకడానికే పోయాయి. అప్పట్లో నాకు కాలం వృథా అవుతున్నట్టు అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే మొత్తం ప్రాజెక్టులో అంతకంటే విలువైన రోజులు లేవు. షాపుకు వచ్చేపోయే వాళ్లను చూస్తూ, ప్రతి రైతూ వచ్చీరాగానే అనే మాట పట్టుకుని, చివరికి ఆ అమ్మాయే ప్రశ్న అడిగింది. "అంకుల్, అందరూ మోటర్ కాలింది అంటున్నరు. ఎందుకు కాలుతున్నయి?"

అదే ప్రాజెక్టు అయింది: మా మండలంలో బోరు మోటార్లు ఎందుకు కాలుతున్నాయి.

ఇక ప్లాన్ సంగతి. సారు ఒక తెల్లకాగితం తీసి జూలై నుంచి జనవరి వరకు నెలలు రాశారు. జూలైలో మోటారు భాగాలు గుర్తుపట్టడం, గేజి ప్లేటుతో తీగ మందం చూడటం. గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని తెలిసినప్పుడు ఇద్దరూ నమ్మలేదు, పది ముక్కలు కొలిచి చూశాకే ఒప్పుకున్నారు. ఆగస్టు నుంచి షాపుకు వచ్చే ప్రతి కాలిన మోటారునూ నోటుబుక్కులో ఎక్కించడం. దసరా సెలవుల్లో, స్క్రాప్‌లో పడేసిన ఒక స్టాటర్ (మోటారులో తిరగకుండా ఉండి కాయిల్స్‌ను పట్టుకునే భాగం) మీద పాత తీగతో చేతిపని. నవంబరు, డిసెంబరుల్లో లెక్కలు చూసుకోవడం, రైతులతో, లైన్‌మన్‌తో మాట్లాడటం. జనవరిలో ఊరి ముందు చెప్పడం. వారానికి మూడు గంటలు, ఆదివారం పొద్దున మాత్రమే. పరీక్షల వారం రావొద్దని ముందే రాసుకున్నాం.

నోటుబుక్కులో గళ్లు వాళ్లే గీశారు. తేదీ, ఊరు, ఎన్ని హెచ్‌పీ, బోరు లోతు, ఆటో స్టార్టర్ (కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసేది) ఉందా లేదా, ఏ కాయిల్ కాలింది, రైతు ఏమన్నాడు, మేస్త్రీ ఏమన్నాడు. అమ్మాయి చివర్లో ఇంకో గడి గీసింది: "మేము ఏమనుకున్నాం." నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఇన్నేళ్లుగా మోటార్లు విప్పుతున్న నా మాట పక్కన తొమ్మిదో తరగతి పిల్లల మాట ఏమిటి అనుకున్నాను. సారు ఆ గడి ఉండాల్సిందే అన్నారు.

కాలిన మోటారును విప్పితే అది ఎందుకు కాలిందో చాలావరకు అదే చెప్తుంది. అన్ని కాయిల్సూ ఒకేలా నల్లబడితే లోడు ఎక్కువైనట్టు, లేదా ఓల్టేజీ తక్కువై గుంజినట్టు. మోటారుకు కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో, అంటే మూడు లైన్లలో, ఒకటి పోయినా మోటారు ఆగదు, మిగిలిన రెండింటి మీద మూలుగుతూ తిరిగి, కరెంటు ఎక్కువ లాగి కాలిపోతుంది. అప్పుడు స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిల్స్ చివరలు ఒకచోట కలిసేది) అయితే రెండు ఫేజుల కాయిల్స్ మాడి, మూడో ఫేజువి కొత్తవాటిలా ఉంటాయి. డెల్టా (త్రికోణంలా కలిపేది) అయితే ఒక ఫేజువి మాత్రమే మాడతాయి. బోరులో నీళ్లు లేకుండా తిరిగితే ముందు బుష్‌లు, బేరింగ్ దెబ్బతింటాయి. కేబుల్ జాయింట్‌లోకి నీళ్లు పోతే బాడీకి ఎర్త్ చూపిస్తుంది, అంటే కరెంటు బాడీలోకి లీకవుతుంది. ఇవన్నీ పిల్లలు పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఎదురుగా పెట్టుకుని చూసి పట్టుకున్నారు. అక్టోబరులో ఒక మోటారు వస్తే, పనుల హడావిడిలో ఒక్కసారి చూసి "లోడు" అని చెప్పేశాను. అమ్మాయి టార్చిలైటు వేసి చూసి, "అంకుల్, ఈ వరస తెల్లగనే ఉంది" అంది. నిజమే. రైతును గట్టిగా అడిగితే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫ్యూజు పోయిందని, తనే తీగ చుట్టానని చెప్పాడు. ఆ రోజు నోటుబుక్కులో "మేస్త్రీ ఏమన్నాడు" గడిలో ఒకటి, "మేము ఏమనుకున్నాం" గడిలో ఇంకొకటి ఉన్నాయి. ఆ పేజీ కింద నేను సంతకం పెట్టాను.

లెక్కలు కూడా అక్కడే వచ్చాయి. 24 స్లాట్లు (కాయిల్స్ దింపే గాళ్లు), 2 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు), 3 ఫేజులు అంటే ఒక పోల్‌కు 12 స్లాట్లు, అందులో ఒక ఫేజుకు 4. కరెంటు ఫ్రీక్వెన్సీ 50 కాబట్టి 120ని 50తో హెచ్చించి 2తో భాగిస్తే నిమిషానికి 3000 చుట్లు. "ఈ భాగారం ఎక్కడ పనికొస్తది" అని క్లాసులో అడిగే పిల్లాడు, ఆ జవాబును ప్లేటు మీద అచ్చయిన ఆర్‌పీఎంతో పోల్చి, అది కొంచెం తక్కువ ఎందుకుందని నన్ను అడిగాడు. లోపల తిరిగే భాగం, అంటే రోటర్, ఎప్పుడూ కొంచెం వెనకబడే తిరుగుతుందని, దాన్ని స్లిప్ అంటారని చెప్పాను. అంతకుమించి వివరించడం నాకు చేతకాలేదు. సోమవారం వాళ్లు సారును అడిగి తెలుసుకున్నారు. ఇద్దరు పెద్దలు ఉండటం ఎందుకు అవసరమో నాకు అప్పుడు అర్థమైంది. చేతిపని నా దగ్గర, దాని వెనకున్న కారణం సారు దగ్గర. ఒక్కరితో ఈ పని కాదు.

నా వల్ల జరిగిన తప్పులూ చెప్పాలి, ఎందుకంటే మీరు పంపే పిల్లలకు దొరికే మేస్త్రీలందరూ అవే చేస్తారు. మొదటి నెలంతా నేనే మాట్లాడాను. పిల్లాడు స్పానర్ పట్టుకుంటే తప్పుగా పట్టాడని లాక్కుని నేనే విప్పాను. ఒకరోజు గిరాకీ ఎక్కువుంటే, బేరింగ్ తెమ్మని అబ్బాయిని పక్క షాపుకు పంపాను, వచ్చేటప్పుడు టీ కూడా చెప్పి రమ్మన్నాను. అదే సమయానికి సారు వచ్చారు. పిల్లల ముందు ఏమీ అనలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "వాళ్లు నీ దగ్గర పనికి రాలేదు మేస్త్రీ, నేర్చుకోను వచ్చిన్రు" అన్నారు. అప్పటినుంచి మళ్లీ ఒక్కసారి కూడా పంపలేదు.

దీన్ని చిన్న విషయంగా చూడొద్దని నా మనవి. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి ఈ సంగతి స్పష్టంగా చెప్పారు. ప్రాజెక్టు పేరుతో పిల్లలు ఎవరి షాపులోనూ ఉచిత కూలీలు కాకూడదు. అందుకే మొదట్లోనే ఒక కాగితం ఉండాలి. ఏ రోజు, ఎన్ని గంటలు, ఏం నేర్చుకోవడానికి, ఏం ముట్టుకోకూడదు అనేవి రాసి, హెడ్మాస్టర్, తల్లిదండ్రులు, మేస్త్రీ సంతకాలు చేయాలి. మా కాగితంలో మూడు షరతులు ఉండేవి: కరెంటు ఉన్న దేన్నీ పిల్లలు ముట్టరు, మోటారును లైన్‌కు కలిపి చూసేది నేనే. పాత కాయిల్స్ కాల్చే రోజు, వార్నిష్ వేసే రోజు పిల్లలు రారు, ఆ పొగ, ఆ వాసన మంచివి కావు. ఒక్కరే ఎప్పుడూ రారు, ఇద్దరూ కలిసే వస్తారు, షట్టర్ పూర్తిగా తెరిచే ఉంటుంది. మూడోది ఆ తల్లి పెట్టించింది. ఆమె మొదటి రోజు షాపంతా ఎందుకు చూసిందో, టీ కొట్టు ఆమెతో ఎందుకు మాట్లాడిందో నాకు అప్పుడు తెలిసింది. ఆడపిల్లల తల్లిదండ్రులు అడగకముందే బడి ఈ షరతు పెడితే, పంపడానికి వెనకాడే వాళ్లు తగ్గుతారు.

అబ్బాయి గురించి కూడా చెప్పాలి. దసరా సెలవుల్లో చేతిపని మొదలైనప్పుడు వాడికి అది నచ్చలేదు. అమ్మాయి మాత్రం స్లాట్ పేపర్ మడిచి, కాయిల్‌ను ఎనామిల్ గీరుకుపోకుండా స్లాట్‌లోకి దింపి, వెదురు బద్ద కొట్టడం నాలుగు రోజుల్లో పట్టేసింది. ఫార్మా (కాయిల్ చుట్టే అచ్చు) మీద చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పిలిచినా పలికేది కాదు. అబ్బాయి మాత్రం వేళ్లు నొప్పి అని పక్కకు జరిగేవాడు. నేను వాడిని వదిలేద్దామన్నాను. సారు ఒప్పుకోక, నోటుబుక్కు బాధ్యత పూర్తిగా వాడికి ఇచ్చారు. వాడు రైతులకు ఫోన్లు చేసి, బోరు లోతు ఎంత, ఎన్నోసారి కాలింది అని అడిగి ఎక్కించేవాడు. తర్వాత ఒకరోజు నా ఖాతా పుస్తకం తీసి, ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో వరుసగా రాసి చూపించాడు. ఇప్పుడు వాడు ఇంటర్‌లో సీఈసీ చదువుతున్నాడు. తనకు ఏది పడదో, ఏది పడుతుందో పదో తరగతి కంటే ముందే తెలుసుకున్నాడు. తెలియకుండా ఎంపీసీలో చేరి, రెండేళ్లు కష్టపడి, ఫెయిలై నా షాపుకు పని అడగడానికి వచ్చిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. మా మండలంలో పదో తరగతి తర్వాత ఏం చదవాలో నిర్ణయించేది ఎక్కువగా పక్కింటివాళ్లు, కాలేజీల ప్రచారం కోసం ఇళ్ల చుట్టూ తిరిగే మనుషులు. పాలిసెట్ అంటే ఏమిటో, ఐటీఐలో ఏ ట్రేడ్ ఎన్నాళ్లో, లైన్‌మన్ ఉద్యోగానికి ఏం చదవాలో చెప్పేవాళ్లు లేరు. మా పిల్లలు నవంబరులో లైన్‌మన్‌తో మాట్లాడినప్పుడు ఇవన్నీ ఒక్క గంటలో తెలుసుకున్నారు.

2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా, వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పిల్లలు నేర్చుకోవాలని రాశారు. మంచి మాట. కానీ పది రోజులు చూడటానికి సరిపోతాయి, నేర్చుకోవడానికి చాలవు. ఆ పది రోజుల్లో పిల్లవాడికి ఏది నచ్చిందో రాసి పెట్టుకుని, తొమ్మిదో తరగతిలో అదే పనిలో ఒక ప్రాజెక్టుగా మార్చండి. పదో తరగతిలో పెట్టకండి. స్టడీ అవర్లు, స్పెషల్ క్లాసులు మొదలైతే ఎవరి వల్లా కాదు. మొత్తం క్లాసుకు ఒకేసారి వద్దు. మొదటి ఏడు ఆరుగురు పిల్లలు, ముగ్గురు మేస్త్రీలు చాలు.

మేస్త్రీలు ఎక్కడ దొరుకుతారని మీరు అడగొచ్చు. మా దగ్గర పోచంపల్లి వైపు నేతగాళ్లు ఉన్నారు. చీర డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గళ్లు లెక్కపెట్టి, నేయకముందే నూలుకు రంగు ఎక్కడ అంటాలో ఎక్కడ అంటకూడదో కట్లు కట్టే ఆ మనుషుల దగ్గర ఒక ఏడాది గణితం ఉంది. పశువుల ఆసుపత్రిలో సిబ్బంది ఉన్నారు. వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నారు. బ్లౌజులు కుట్టే అక్కలు, రైస్ మిల్లు ఆపరేటర్లు, ఏఎన్ఎంలు, మీసేవ నడిపేవాళ్లు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో సముద్రం పక్కన ఊళ్లలో బోటు ఇంజన్ మెకానిక్కులు, రొయ్యల చెరువుల దగ్గర నీళ్ల టెస్టులు చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లను ఇప్పటిదాకా బడి ఏదీ పిలవలేదు. మేము బడికి వెళ్లేది పిల్లల టీసీలకే. సారు అడిగిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ఒక కష్టం మాత్రం మీ చేతుల్లో ఉంది. మా సారు ఈ పనికి తన ఆదివారాలు ఇచ్చారు. ఆయనకు దాని లెక్క ఎక్కడా లేదు. ఇంకో ఊరి బడిలో ఒక టీచరమ్మ ఇలాగే మొదలుపెడితే, ముందు రిజల్టు చూసుకొమ్మని పైవాళ్లు ఆపించారని విన్నాను. గైడ్ టీచర్‌కు వారంలో ఒక పీరియడ్ ఈ పనికి ఇవ్వండి, టైంటేబుల్‌లో రాయండి. ఆ నోటుబుక్కునే ఫార్మేటివ్ ప్రాజెక్టుగా తీసుకుని మార్కులు వేయండి. అప్పుడు జిరాక్స్ షాపుకు పోవాల్సిన పని ఉండదు.

జనవరిలో రైతు వేదికలో పిల్లలు చెప్పారు. నలభై మంది దాకా వచ్చారు. అబ్బాయి చార్టు పట్టుకుంటే అమ్మాయి మాట్లాడింది. మా షాపుకు వచ్చిన మోటార్లలో ఫేజు పోయి కాలినవే ఎక్కువని, స్టార్టర్‌లో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసేది) ఉంటే అవి కాలేవి కావని, ఆటో స్టార్టర్లు పెడితే కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుందని, ఫ్యూజు పోతే దొరికిన తీగ చుట్టొద్దని చెప్పింది. ఒక ఫేజు లేకున్నా కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీదే మోటారు నడిపే వాళ్లు చేతులెత్తమంటే చాలామంది ఎత్తారు. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "బిడ్డా, మోటర్లు కాలకుంటె మీ మేస్త్రీకి గిరాకీ ఎట్ల?" అని అడిగాడు. అమ్మాయి నా వైపు చూసింది. నేను లేచి, కాలిపోయిన మోటారుకు కాయిల్ కట్టే పని తగ్గితే, కాలకుండా చూసే పని దొరుకుతుందని, ఈ పిల్లల నోటుబుక్కు చూశాక నేను ప్రివెంటర్లు, స్టార్టర్ రిపేర్లు ఎక్కువ చేస్తున్నానని చెప్పాను. అది నిజం. ఆ వారంలోనే నలుగురు రైతులు స్టార్టర్లు పట్టుకొచ్చారు.

ఆ అమ్మాయి పాలిసెట్ రాసి, ఇప్పుడు ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు షాపులో కాసేపు కూర్చుని పోతుంది. నోటుబుక్కు నా దగ్గరే ఉంది. చూడాలనుకునే హెడ్మాస్టర్లు ఎవరైనా రావచ్చు. వచ్చే జూన్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరిని తీసుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మా వీధిలో వెల్డింగ్ షాపు ఆయనా, టైలర్ అక్కా కూడా ఒప్పుకున్నారు. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు వరకు. కాగితం మీరు రాసి పంపండి, ముగ్గురం సంతకం పెడతాం.

ఇట్లు,
ఒక మోటార్ వైండింగ్ మేస్త్రీ,
ఉమ్మడి నల్గొండ జిల్లా